మిషన్‌కొక సీటు

సముద్రం మాట మొదట ఎత్తింది కటింగ్ మాస్టరే. మధ్యాహ్నం టీ తాగి, మెడలోని టేపు తీసి చుట్టచుట్టి జేబులో వేసుకుని, కత్తెర పిడితో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి.

"ఓనరమ్మగారు ఫోను చేశారు. బడి యూనిఫాంలు చెప్పిన రోజుకే అందిస్తున్నాం కాబట్టి మనందరినీ సముద్రం చూసి రమ్మన్నారు. శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం సాయంత్రానికి వచ్చెయ్యడం. ఒడ్డు మీదే వాళ్ళ అన్నయ్యగారి ఇల్లు ఖాళీగా ఉందట. వ్యాను మాట్లాడే పని నాది. మీ పనల్లా తినడం, పడుకోవడం, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం."

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"గురక పెట్టేవాళ్ళకి వేరే గది. ఇప్పుడే చెప్తున్నాను," అంది కాలర్ల వదిన. కాలర్లు కుట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. మాటలు కుట్టడంలో కూడా.

"అయితే ఆ గది తాళం నీ దగ్గరే పెట్టుకో వదినా," అంది కాజాల అమ్మాయి. అందరూ గొల్లుమన్నారు.

"స్టవ్వు తీసుకెళ్దామా?" ఎవరో అడిగారు.

"స్టవ్వు మాటెత్తినవాళ్ళని ముందు నీళ్ళలో ముంచుతాను. సముద్రం దాకా పోయి కూడా గరిటె తిప్పడమేనా? రొట్టెలు, అరటిపళ్ళు. అంతే," అంది వదిన.

గది చివర, కిటికీ పక్కన, ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్న ఆమె ఈ మాటలన్నీ వింటూనే స్కర్టు మడతలు సరిచేస్తోంది. అందరూ ఆమెని ఇస్త్రీ అక్క అనే పిలిచేవారు. ఆమె పని నిలబడి చేసేది. పొద్దున తలుపు తీసినప్పుడు నిలబడితే, మళ్ళీ కూర్చోవడం అన్నాల వేళకే. బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంటుంది, అక్కడక్కడ మాడిన మచ్చలతో. పై కప్పు కొక్కేనికి వేలాడే వైరు ఆమె చెయ్యి ఎటు పోతే అటు ఊగుతుంది. మూతకి చిల్లులు పొడిచిన సీసాతో నీళ్ళు చిలకరించి, మడతని వేలితో నొక్కి పట్టి, పెట్టెని దాని వెంబడే నడిపిస్తుంది. స్‌స్ అని ఆవిరి లేస్తుంది.

"అక్కా, నువ్వేం చేస్తావు అక్కడ?" కాజాల అమ్మాయి అరిచి అడిగింది.

"కూర్చుంటాను," అంది ఆమె పెట్టె ఆపకుండానే. "కుర్చీ ఉంటే కుర్చీలో. లేకపోతే ఇసకలో. ఎవరు పిలిచినా పలకను."

"చూద్దాం, ఎంతసేపు కూర్చుంటావో. అలలు ముడతలు పడ్డాయని ఇస్త్రీ పెట్టె తెమ్మంటావు!"

ఈ మాటకి ఇస్త్రీ అక్క కూడా నవ్వింది. ఆమె సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసి చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మంచం కింద నుంచి సంచీ లాగింది. చాన్నాళ్ళుగా వాడక జిప్పు బిగుసుకుపోయింది. సబ్బు ముక్క తెచ్చి జిప్పు పళ్ళ మీద అటూ ఇటూ రుద్దుతూ కూర్చుంది. వాళ్ళమ్మ వెల్లుల్లి వలుస్తూ చూస్తోంది.

"ఎక్కడికే?"

"సముద్రానికి. శనివారం. షాపు వాళ్ళందరం."

"వెళ్ళి?"

"చూస్తాం."

"ఊరికే?"

"ఊరికే."

"నీకు ఊరికే ఉండటం వచ్చా?" అంది వాళ్ళమ్మ. మళ్ళీ తనే, "నేర్చుకునిరా. నాకు పక్కింటావిడ ఉందిగా. నువ్వు లేకపోతే ఇద్దరం టీవీ సౌండు ఎంత కావాలంటే అంత పెట్టుకుంటాం," అంది.

జిప్పు కదిలింది. ఆమె దాన్ని చివరిదాకా లాగి, మళ్ళీ వెనక్కి లాగి, మళ్ళీ లాగి చూసింది.

మర్నాటి నుంచి షాపులో పని జోరందుకుంది. కుట్టేవాళ్ళు కుట్టడం అయిపోగానే ఖాళీ అవుతారు. ఇస్త్రీ బల్లకి మాత్రం అప్పుడే పని మొదలవుతుంది. కుట్టినవన్నీ కుప్పగా వచ్చి ఆమె పక్కన పడతాయి. వాటికి తోడు ఇప్పుడు ఒక్కొక్కరూ ఇంటి నుంచి ప్రయాణం బట్టలు తెచ్చి, "అక్కా, దీనిమీద కూడా ఒక్కసారి అలా పోనిచ్చెయ్యవా," అని పెట్టి వెళ్తున్నారు. ఆమె పోనిచ్చింది. కాజాల అమ్మాయి తెచ్చిన పూలపూల గుడ్డ మరీ పలచన. పెట్టె వేడి తగ్గేదాకా ఆగి, పైన తడిగుడ్డ వేసి మరీ చేసింది. కాలర్ల వదిన ఏకంగా దిండు గలీబులు తెచ్చింది.

"అక్కడ ఇంట్లో దిండ్లు ఎలాంటివో ఏమో. ఎవరి తలలు ఆనాయో," అంది.

"నీ తల కూడా ఆనుతుందిగా వదినా, తర్వాత వచ్చేవాళ్ళేం చెయ్యాలి?" అంది ఇస్త్రీ అక్క.

"ఓహో, నీకూ నోరుంది!"

గురువారం మధ్యాహ్నం మాస్టరు వ్యాను మాట్లాడి వచ్చాడు. వచ్చీ రాగానే కటింగ్ బల్ల మీద అట్ట కాగితం పరిచి, సుద్దముక్కతో గీతలు గీశాడు. ముందు డ్రైవరు, పక్కన తను, వెనక వరసలు, మధ్యలో దారి. ఒక్కో సీటుకి ఒక్కో గడి.

"ఎల్లుండి వ్యాను దగ్గర కిటికీల కోసం జుట్లు పట్టుకోవడాలు వద్దు. ఇప్పుడే ఎవరికి నచ్చిన చోట వాళ్ళు గుండీ పెట్టుకోండి. పెట్టాక జరపడం లేదు."

అందరూ గుండీల డబ్బా మీద పడ్డారు. ఎవరి గుండీ వాళ్ళు గుర్తుపట్టాలి కదా, ఒకరు ఎర్రది, ఒకరు పచ్చది, ఒకరు నాలుగు రంధ్రాలది. బల్ల చుట్టూ తోపులాట మొదలైంది. "నాకు వాంతులవుతాయి, కిటికీ నాకు" అని ఒకరు, "ఆ వాంతి నా మీద పడుతుంది, నాకు ఆవిడ వెనక వద్దు" అని ఇంకొకరు.

ఇస్త్రీ అక్క పెట్టె కింద చొక్కా సగంలో ఉంది. సగంలో వదిలితే భుజం దగ్గర గీత పడుతుంది. చేతులు రెండూ పూర్తి చేసి, కాలరు తిప్పి ఒత్తి, మడతపెట్టి, పెట్టె నిలబెట్టి, స్విచ్చి కట్టేసి అప్పుడు వెళ్ళింది. డబ్బాలో చెయ్యి పెట్టి కోటుకి కుట్టే పెద్ద నల్ల గుండీ ఒకటి తీసుకుంది. కిటికీ లేకపోయినా ఫరవాలేదనుకుంటూ బల్ల దగ్గరకి వంగి చూసింది.

గడులన్నిట్లోనూ గుండీలున్నాయి.

ఎవరైనా పొరపాటున రెండు పెట్టారేమోనని మళ్ళీ చూసింది. లేదు. ఎరుపు, పచ్చ, నాలుగు రంధ్రాలది, ముత్యంలాంటిది. గడికొక గుండీ, గుండీకొక మనిషి. అందరూ అప్పటికే సబ్బులు, తువ్వాళ్ళ గొడవలో పడిపోయారు.

ఆ గదిలో ఏదైనా మిషన్ల లెక్కనే నడిచేది. టీ ఫ్లాస్కు వస్తే మిషన్‌కొక గ్లాసు. కొత్త ఏడాదికి ఓనరమ్మ తువ్వాళ్ళు పంపితే మిషన్‌కొకటి. కొత్త ఫ్యాన్లు కూడా మిషన్ల వరస మీదుగానే బిగించారు. ఇస్త్రీ బల్లకి మిషన్ లేదు. అందుకని ఆమె టీ ఫ్లాస్కు మూతలో తాగేది. తువ్వాలు తర్వాతెప్పుడో విడిగా వచ్చేది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఏదో ఒకరోజుకి అందుతుంది కదా అని ఆమే ఎప్పుడూ అడగలేదు. మాస్టరుకీ మిషన్ లేదు. కాకపోతే లెక్కపెట్టేది ఆయనే కాబట్టి ఆయన్ని ఎవరూ మర్చిపోయే పని లేదు.

ఆమె గుండీని గుప్పిట్లో పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత దాన్ని డబ్బాలో వేసేసింది. బల్ల దగ్గరకి వచ్చి స్విచ్చి వేసి, పెట్టె వేడెక్కేదాకా దుప్పటి అంచులు లాగి సరిచేసింది.

కాలర్ల వదిన అట్ట కాగితాన్ని తీరిగ్గా చూసి, అటు చూసి, ఇటు చూసి ఇస్త్రీ బల్ల దగ్గరకి వచ్చింది.

"రావట్లేదా అక్కా నువ్వు? గుండీ లేదే."

ఇస్త్రీ అక్క ఏదో అనబోయింది. ఈలోపే వదినే జవాబు చెప్పేసుకుంది.

"అమ్మని వదిలి ఎక్కడికొస్తావులే. నిజమే, పెద్దావిడ. పోనీ ఒక సాయం చేస్తావా? మా మొక్కలకి రెండు పూటలా నీళ్ళు పొయ్యాలి. మా ఆయనకి చెప్పానంటే కుండీని కూడా ముంచేస్తాడు."

మొక్కల తర్వాత పిల్లి వచ్చింది. కాజాల అమ్మాయి పిల్లి. దానికి పాలు గోరువెచ్చగా ఉండాలి. పిల్లి తర్వాత ఎవరిదో ఇంటి తాళం, ఎవరో మెకానిక్ వచ్చి పంపు బాగుచేస్తాడు, కాస్త తలుపు తియ్యాలి. అందరికీ సంగతి అర్థమైపోయింది. అక్క అమ్మ కోసం ఆగిపోతోంది. అందరూ జాలిగా చూశారు. "నీకు గవ్వలు తెస్తాం అక్కా" అన్నారు. ఆమె నోటి వెంట "సరే, సరే" అనే మాటే వచ్చింది. ఎవరికి ఏం ఒప్పుకుందో ఆమెకే గుర్తులేదు.

ఇంటికి వచ్చి చెప్పింది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాళ్ళమ్మ చేతిలో పళ్ళెం కింద పెట్టింది.

"మధ్యలో నా పేరెందుకొచ్చింది?"

"వాళ్ళే అనుకున్నారు."

"నువ్వు కాదనలేదా?"

"గలాటాగా ఉంది. ఏం చెప్పను?"

"ఏం చెప్తావా? నేను నిన్నేమన్నా గుంజకి కట్టేశానా? రేపు వెళ్ళి చెప్పు, మా అమ్మ నన్ను ఎప్పుడు పంపుదామా అని గుమ్మంలో నిలబడి ఉందని." ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ అంది. "నువ్వు వెళ్ళకపోతే వెళ్ళకపో. అది నీ ఇష్టం. కానీ నా మూలంగా ఆగిపోయావని ఊరంతా చెప్పుకుంటే నేనూరుకోను. ఆ చెడ్డపేరు నాకొద్దు."

ఇస్త్రీ అక్క అన్నం కలుపుతూ ఆలోచించింది. అమ్మ పేరు చెప్పి ఆగిపోవడం ఎంత సులువో ఆమెకి తెలుసు. మధ్యాహ్నం ఆ మాట వినగానే లోపల ఎక్కడో, అడగక్కర్లేకుండా పోయిందని, కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఇప్పుడు అది గుర్తొచ్చి పళ్ళెం పక్కకి జరిపింది.

శుక్రవారం పొద్దున అందరూ మిషన్ల దగ్గర కూర్చున్నాక ఆమె కటింగ్ బల్ల దగ్గరకి వెళ్ళింది. మాస్టరు మిగిలిన గుడ్డ తానులు చుట్టిపెడుతున్నాడు.

"మాస్టారూ, వ్యానులో నాకు సీటు లేదు."

"నువ్వు రావట్లేదన్నారుగా అమ్మా?"

"నేనలా అనలేదు. గుండీ పెడదామని వచ్చేసరికి గడి లేదు."

మాస్టరు చేతిలోని గుడ్డ వదిలేసి వేళ్ళతో లెక్కపెట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆయన చూపు మిషన్ల వరస చివరిదాకా వెళ్ళి, అక్కడి నుంచి ఇస్త్రీ బల్ల మీదికి వెళ్ళి ఆగింది. "అయ్యో అయ్యో," అన్నాడు నిజమైన బాధతో. "మిషన్‌కొక సీటు, పైన నేను, అని చెప్పేశానమ్మా. నా బుద్ధి గడ్డి తిన్నది. ఇప్పుడు పెద్ద వ్యాను కావాలంటే దొరకదు. శనివారం కదా."

మిషన్లు ఆగాయి. అందరూ వింటున్నారు.

"ఏముంది మాస్టారూ," అంది ఎవరో. "మధ్య దారిలో స్టూలు వేస్తే సరి."

"అంతే, అంతే! స్టూలు వేద్దాం. కింద గోతం ముడిచి పెడితే కదలదు. అక్క సర్దుకుంటుంది," మాస్టరు ముఖం వెలిగింది.

"స్టూలు కూడా దండగ," అంది కాలర్ల వదిన, దారం పళ్ళతో కొరుకుతూ. "అక్కకి నిలబడటం అలవాటేగా!"

గదంతా నవ్వింది. ఇస్త్రీ అక్క కూడా అలవాటుగా నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే, మోకాళ్ళ వెనక ఉబ్బిన నరాలు, సాయంత్రాలు మెట్లెక్కుతూ గోడ పట్టుకోవడం, ఇవన్నీ ఇంతమంది కళ్ళ ముందే ఇన్నేళ్ళూ జరిగాయని తట్టింది. నవ్వు ఆగిపోయింది.

"నేను స్టూలు మీద రాను మాస్టారూ," అంది. గొంతు పెంచలేదు. "అందరికీ ఉన్నట్టే నాకూ సీటు కావాలి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె మిషన్ చక్రం ఊరికే తిప్పింది. కాజాల అమ్మాయి తన సూదిలో లేని దారాన్ని ఎక్కించడం మొదలుపెట్టింది. ఎవరూ నేనాగుతానని అనలేదు.

మాస్టరు నిట్టూర్చి, జేబులోంచి టేపు తీసి మెడలో వేసుకున్నాడు.

"సరేనమ్మా. తప్పు నాది. నేనే ఆగిపోతాను. నా సీట్లో నువ్వు వెళ్ళు. నాకేముంది, సముద్రం ఎక్కడికీ పోదు. షాపు తుడుచుకుంటూ కూర్చుంటాను."

ఆ మాట అన్నాక ఆయన ఆగాడు. గది కూడా ఆగింది. ఇప్పుడు ఏం జరగాలో అందరికీ తెలుసు. ఇస్త్రీ అక్క నొచ్చుకోవాలి. "అయ్యో, మీరు లేకుండా ఎలా మాస్టారూ, నేను స్టూలు మీదే వస్తాలెండి" అనాలి. ఆయన "వద్దు వద్దు" అనాలి. ఆమె మళ్ళీ బతిమాలాలి. ఆ మాటలు ఆమె నాలుక మీదికి వచ్చాయి కూడా.

"మంచిది మాస్టారూ," అంది ఆమె. "అలాగే కానివ్వండి."

తర్వాత తన బల్ల దగ్గరకి నడిచింది. పెట్టె స్విచ్చి వేసింది. వెనక ఎవరూ కదల్లేదు. సీసా తీసి నీళ్ళు చిలకరించింది. ఆపైన, ఎవరి వైపూ చూడకుండా, "వదినా, మొక్కల సంగతి మాస్టారికి చెప్పు. పిల్లికి పాలు గోరువెచ్చగా ఉండాలని కూడా," అంది.

ఆ రోజు టీ ఆమెకి ఫ్లాస్కు మూతలోనే వచ్చింది. కానీ తెచ్చి ఇచ్చింది కాలర్ల వదిన. మాట్లాడకుండా బల్ల చివర పెట్టి వెళ్ళింది.

శనివారం పొద్దున వ్యాను షాపు ముందు ఆగింది. సంచులు, నీళ్ళ డబ్బాలు, దిండు గలీబులు ఎక్కాయి. మాస్టరు సీటు డ్రైవరు పక్కన. అక్కడ మగవాడి పక్కన అక్కకెందుకులే అని కాజాల అమ్మాయే ముందుకి వెళ్ళి, తన సీటు ఇస్త్రీ అక్కకి ఇచ్చింది. అది కిటికీ పక్కది. ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. సరదాగా వెళ్తున్నట్టు లేదు, ఎవరినో చూడటానికి ఆస్పత్రికి వెళ్తున్నట్టుంది. ఇస్త్రీ అక్క సంచీ ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. తప్పు చేశానా అని రాత్రి చాలాసార్లు అనుకుంది. ఇప్పుడు కూడా అనుకుంటోంది. అయినా లేవలేదు.

వ్యాను కదిలేలోపు వీధి చివర నుంచి ఎవరో పరిగెత్తుతూ వచ్చారు. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో స్టూలు. మాస్టరు.

"ఆపండి, ఆపండి! ఇంట్లో ఉంటే మా ఆవిడ మేడ గదికి సున్నం కొట్టమంటోంది. బ్రష్షు కూడా కొనేసింది."

"మరి మా మొక్కలు?" అంది వదిన.

"ఆవిడే పోస్తుందమ్మా. పిల్లికి పాలు కూడా. నేను ఎదురుగా లేకపోతే చాలంది."

వ్యానంతా పగలబడి నవ్వింది. అప్పుడు మొదలైంది ప్రయాణం. మాస్టరు మధ్య దారిలో స్టూలు వేసుకుని, కింద గోతం పెట్టుకుని, రెండు చేతులతో రెండు వైపుల సీట్లు పట్టుకుని కూర్చున్నాడు. వ్యాను మలుపు తిరిగినప్పుడల్లా ఒకసారి ఒకరి ఒళ్ళోకి, ఇంకోసారి ఇంకొకరి ఒళ్ళోకి ఒరిగాడు. "మాస్టారూ, సరిగ్గా కుట్టలేదు మిమ్మల్ని, ఊడిపోతున్నారు," అన్నారు. నవ్వుతూనే ఉన్నాడు గానీ రెండు ఊళ్ళు దాటేసరికి నడుం పట్టుకుని మూలిగాడు.

ఇస్త్రీ అక్క కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. ఆమె ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"వంతులేసుకుందాం," అని ముందు నుంచి కాజాల అమ్మాయి అరిచింది. "సీటుకొక వంతు. ఊరు దాటగానే మారాలి. ముందు వరస నుంచి మొదలు."

ఆమే ముందు వచ్చి, మాస్టరుని తన సీట్లోకి పంపి స్టూలు ఎక్కింది. తర్వాత ఎర్ర గుండీ ఆమె. ఆమె తర్వాత వాంతులావిడ, కిటికీ వదలనని గొడవపెట్టి చివరికి ఎక్కి, వాంతి లేకుండానే దిగింది. తర్వాత కాలర్ల వదిన. ఊళ్ళు వెళ్తున్నాయి. స్టూలు ఎక్కినవాళ్ళ మీద జోకులు వెళ్తున్నాయి. వదిన వంతు అయ్యాక ఇస్త్రీ అక్క సంచీ పక్కన పెట్టి లేవబోయింది.

"నువ్వు కాదక్కా," అంది కాజాల అమ్మాయి. "నీ వెనకావిడ."

"నన్నెందుకు దాటేశావు?"

"నువ్వు కూర్చో అక్కా," అంది వదిన. ఆ గొంతులో వెటకారం లేదు. "రోజూ నిలబడే ఉంటావు. మేమెవరమో కూర్చుంటాంలే. నిన్న ఏదో వాగాను. మనసులో పెట్టుకోకు."

అందరూ ఔనౌనన్నారు. మాస్టరు కూడా తల ఊపాడు. ఇస్త్రీ అక్కకి వాళ్ళ మీద కోపం రాలేదు. వదిన చెయ్యి తట్టింది. కానీ కూర్చోలేదు.

"సీటుకొక వంతన్నారుగా," అంది. "నాదీ సీటే. జరగండి."

జరిగారు. ఆమె దారిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది, ఆమె సీట్లోకి మాస్టరు వచ్చాడు. అది అనుకున్నంత కదల్లేదు గానీ చిన్నది. కాళ్ళు ఎటు పెట్టాలో తెలియలేదు. మలుపులో ఒరిగిపోయి మాస్టరు భుజం పట్టుకుంది. "పట్టుకోమ్మా, పట్టుకో, నేను గట్టిగానే కుట్టించుకున్నాను," అన్నాడాయన.

ఇంకో ఊరు రాకముందే గాలి మారింది. చెమ్మగా, ఉప్పగా తగిలింది. "అదిగో!" అని ముందు నుంచి ఎవరో కేక పెట్టారు. ఒక్కసారిగా అందరూ లేచి నిలబడ్డారు. కిటికీల దగ్గరివాళ్ళు కిటికీలకి అడ్డంగా, ముందువాళ్ళు ముందు అద్దానికి అడ్డంగా. స్టూలు మీద కూర్చున్న ఆమెకి వీపులు, జడలు, సంచులు తప్ప ఏమీ కనపడలేదు. తల అటు వంచింది, ఇటు వంచింది. కాసేపాగితే వాళ్ళే కూర్చుంటారు, అప్పుడు చూడొచ్చు. దిగాక ఎలాగూ చూస్తుంది.

"కూర్చోండర్రా అందరూ!" అని అరిచింది. అంత గొంతు తనకుందని ఆమెకే తెలీదు. డ్రైవరు కూడా ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "నాకు కనపడట్లేదు!"

అందరూ టకటకా కూర్చున్నారు.

వీపులు దిగిపోయాక రోడ్డు కనిపించింది. రోడ్డు చివర, ఆమె అనుకున్నదానికంటే ఎత్తులో, మబ్బు రంగులో, ఒక్క ముడతా లేకుండా సముద్రం ఉంది.